గుణుపురం వైపు డిప్యుటేషన్ మీద వచ్చే తోటి ఉద్యోగులకు

మిత్రులకు నమస్కారం.

మీలో బ్యాంకువాళ్ళుంటారు, ఇన్సూరెన్సువాళ్ళుంటారు, రైల్వేవాళ్ళు, సర్వేకి వచ్చేవాళ్ళు, కాలేజీలో ఒక సెమిస్టరు పాఠం చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉంటారు. మూడు నెలలకో ఆరు నెలలకో ఆర్డరు చేతికిస్తే విశాఖ నుంచి, విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి సరిహద్దు దాటి ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాలకు వస్తారు. నేనూ అలాగే వచ్చాను. 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి దాకా గుణుపురంలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేశాను. ఇప్పుడు రిలీవ్ అయి ఇంటికొచ్చేశాను గానీ చెప్పాల్సిన మాట ఒకటి నాతోనే వచ్చేసింది. అది మీకు చెప్పేస్తే గానీ నాకు నిమ్మళం లేదు.

మీ సెలవు రోజుల్లో కొన్నయినా ఇక్కడే ఉండండి. ప్రతి సెలవుకీ ఇంటికి పరుగెత్తకండి. సరదాగా తిరిగి రమ్మని చెప్పడం లేదు. మీ కౌంటరు ముందు నిలబడే మనుషులు ఏ ఊరి నుంచి, ఏ దారిన వస్తున్నారో చూడకుండా ఇక్కడి పని సరిగా చెయ్యలేరు. నేను చెయ్యలేకపోయాను.

వచ్చిన కొత్తలో నా మనసెప్పుడూ బ్యాగు మీదే ఉండేది. మా బాబుకి ఆరేళ్ళు. అత్తగారి దగ్గర వదిలి వచ్చాను. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవైతే శుక్రవారం సాయంత్రమే బస్సెక్కేదాన్ని. మిగతా వారాల్లో శనివారం క్యాష్ కట్టిన వెంటనే పరుగు. ఇంటికి చేరేసరికి వాడు నిద్రపోయేవాడు. ఆదివారం వాడి బట్టలు, హోంవర్కు చూసేసరికి మళ్ళీ బయల్దేరే వేళ. సోమవారం కౌంటర్లో కూర్చుంటే ఒళ్ళంతా బస్సు కుదుపే. ఎదురుగా ఎవరొచ్చినా ఎంత తొందరగా పంపించేద్దామా అనే ఉండేది.

ఇక్కడికొచ్చాక నేను నేర్చుకున్న మొదటి ఒడియా మాట ‘కాలి ఆసొ’. రేపు రండి అని. తర్వాత తలుచుకుంటే నాకు చాలా బాధ కలిగింది. నమస్కారం నేర్చుకోలేదు, కూర్చోండి అనడం నేర్చుకోలేదు, మీ ఊరేది అని అడగడం నేర్చుకోలేదు. రేపు రండి అనడం మాత్రం వచ్చేసింది.

మా ఇంటి ఓనరుని అందరూ అప్ప (అక్క) అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ అత్తింటివాళ్ళు పాలకొండ నుంచి తాతల కాలంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో సవర గిరిజనులతో వాళ్ళ సవర భాష. ఒకే వాక్యంలో మూడూ కలిసినా ఆవిడకి తడబాటు ఉండదు. ఒక శుక్రవారం నేను తాళం వేస్తుంటే అంది: “ఏటమ్మా, ఆరు వారాలై సూస్తన్నాను. సెలవొస్తే సాలు ఎల్లిపోతావు. మా ఊరు నీకేటి అపకారం సేసింది?”

ఆవిడ కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం ఇంటికి వెళ్ళాను గానీ ఆ పైవారం మా ఆయన్నీ బాబునీ ఇక్కడికే రమ్మన్నాను.

ముందు అప్పని కూడా తీసుకుని పర్లాకిమిడి వెళ్ళాం, రైల్లోనే. ఈ లైను సంగతి మీకు తెలిస్తే ప్రయాణం ఇంకా బాగుంటుంది. పర్లాకిమిడి రాజులు వేయించిన చిన్న రైలు ఇది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది, 1931కి గుణుపురం చేరింది. 2004లో ఆపేసి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైను వేశారు. మా అప్ప పెళ్ళికూతురై ఈ ఊరికి వచ్చింది ఆ చిన్న రైల్లోనే. పెద్ద రైలెక్కినా ఆవిడకి కిటికీలోంచి కనిపించేది ఆ పాత దారేనట. ‘ఇక్కడ బండి ఆగేది, ఇక్కడ నీళ్ళు పట్టేవారు’ అని చేత్తో చూపిస్తూ కూర్చుంది. మా బాబు ఆ రోజంతా ఆవిడ పక్క వదల్లేదు.

పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి, దుకాణంలో బేరం తెలుగులో సాగుతుంది. రాజావారి కోట చూశాం. ఇక్కడి రాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) అయ్యారు. కోట కంటే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది కొమ్ము పని చేసే ఒక ముసలాయన. పశువుల కొమ్ముని వేడి చేసి, మెత్తబడ్డాక వంచి కొంగలు, నెమళ్ళు, దువ్వెనలు చేస్తారు. కొమ్ము ఏ వంపు తిరిగి ఉందో చూసి, దానికి తగ్గ పిట్టని చెయ్యాలని ఆయన మా వాడికి ఓపిగ్గా చెప్పాడు. పిల్లవాడి ప్రశ్నలకి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సోమవారం ఉదయం కౌంటర్లో కూర్చున్నప్పుడు ఆ ఓపిక గుర్తొచ్చింది.

ఆ ఊళ్ళో ఇంకొకరిని తలుచుకోకుండా రాలేం. గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనకు బడిలో చెప్పారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. కానీ ఆయన పర్లాకిమిడికి ఉద్యోగం మీద వచ్చిన మనిషి అన్న సంగతి అక్కడ నిలబడ్డాకే నా మనసుకి తట్టింది. 1880లో రాజావారి బడిలో టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల నుంచి సవరలు వచ్చేవారు, వాళ్ళ భాష ఈయనకు రాదు. రాకపోతే జీతమేమీ ఆగదు. అయినా సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడులు పెట్టించారు. వ్యాకరణం రాశారు, నిఘంటువులు కూర్చారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేనాటికి ఆయనకి డెబ్భై అయిదేళ్ళు. అప్పటికి పర్లాకిమిడిలో లేరు. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు నిరసనగా వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఊరు వదిలారు గానీ సవర పని వదల్లేదు.

ఆయన పుట్టిన పర్వతాలపేట వంశధార ఒడ్డున ఉంది. అదే వంశధార గుణుపురం పక్క నుంచి పారుతుంది. సాయంత్రాలు నది ఒడ్డుకి వెళ్ళి కూర్చున్నప్పుడల్లా ఈ నీళ్ళు మన ఊళ్ళ వైపే పోతున్నాయి కదా అనిపించేది. ఇంటి మీద బెంగ అలా కొంచెం తగ్గేది.

ఇక గుణుపురం దగ్గరి కొండల్లో ఉన్న పుట్టాసింగి సంగతి చెప్పాలి. ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకోసం.

నేను వచ్చేనాటికి బ్రాంచి కిటకిటలాడుతోంది. ఒడిశా ప్రభుత్వం వారి సుభద్ర పథకం 2024 సెప్టెంబరు 17న మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ళ లోపు అర్హులైన ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా 5,000 చొప్పున, ఆధార్‌తో కలిసిన ఖాతాలోనే పడతాయి. ఆధార్ కలవనివాళ్ళు, కేవైసీ పెండింగ్ ఉన్నవాళ్ళు, పేరు ఒకచోట ఒకలా మరోచోట మరోలా ఉన్నవాళ్ళు, వేలిముద్ర పడనివాళ్ళు అందరూ వచ్చేవారు. చింతపండు కొట్టి, కట్టెలు మోసి గీతలు అరిగిపోయిన వేళ్ళని యంత్రం గుర్తుపట్టదు. నాలాంటివాళ్ళని డిప్యుటేషన్ మీద తెచ్చింది ఈ పని కోసమే.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక బుధవారం ఒక సవర ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటుంది. చెవులకి బరువైన కమ్మలు. పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకుంది. రెండింటిలో ఇంటిపేరు తేడా ఉంది. ఒక కాగితం తీసుకున్నాను. సిస్టమ్ స్లోగా ఉంది, వెనక నలభై మంది ఉన్నారు. మూడు రోజులాగి రమ్మని చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, తలూపి వెళ్ళిపోయింది.

ఆ శనివారం సెలవు. కమీషను మీద పల్లెల్లో బ్యాంకు పనులు చేసిపెట్టే మా బ్యాంక్ మిత్ర అమ్మాయిది పుట్టాసింగి దగ్గరి పల్లె. గోడల మీద బొమ్మలు చూపిస్తానని ఎప్పటినుంచో అంటోంది. వాళ్ళన్నయ్య జీపులో వెళ్ళాం. గుణుపురం దాటాక దారి కొండల్లోకి ఎక్కుతుంది. కొండవాలున మెట్లు మెట్లుగా మళ్ళు కట్టారు, రాయి మీద రాయి పేర్చి. ఒక్కో మడి వెనుక ఎన్ని తరాల చాకిరీ ఉందో! జీపు ఆగిన చోటు నుంచి ఆ పల్లెకి ఇంకా చాలా దూరం నడిచాం. మధ్యలో నేను రెండుసార్లు కూర్చుండిపోయాను.

ఇంటి లోపల ఎర్రమట్టి గోడ, దాని మీద బియ్యప్పిండి నీళ్ళలో వెదురుపుల్ల ముంచి గీసిన బొమ్మలు. ఇడితాల్ అంటారు. మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, పల్లకి మోసేవాళ్ళు, ఈ మధ్యవైతే సైకిళ్ళు, విమానాలు కూడా. అది అలంకారం కోసం వేసింది కాదు. పోయిన పెద్దలకీ దేవతలకీ ఇంట్లో చోటు ఇవ్వడం. చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళాక అలాంటి గోడలు తక్కువయ్యాయని ఆ అమ్మాయి చెప్పింది. ఫోటో తియ్యనా అని అడిగితే ఇంటి ముసలాయన కాసేపు ఆలోచించి వద్దన్నాడు. ఫోన్ లోపల పెట్టేశాను. మీరు వెళ్ళినా అడగండి, వద్దంటే మానెయ్యండి.

పక్కింటి అరుగు మీద మాకు చోడంబలి ఇచ్చారు. మాటల్లో ఆ ఇల్లు ఎవరిదని అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది: “దీదీ, బుధవారం మీ దగ్గరకొచ్చారే, వాళ్ళదే. ఇవాళ లేరు. మీరు రమ్మన్నారు కదా, బ్యాంకుకెళ్ళారు.”

రెండో శనివారం. ఫిబ్రవరి 8. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకి సెలవని నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. బుధవారం నాడు మూడు రోజులాగి రమ్మన్నప్పుడు అది ఏ రోజవుతుందో నేను లెక్కపెట్టలేదు. ఆవిడ లెక్కపెట్టింది.

నేను రెండుసార్లు కూర్చుని నడిచిన ఆ దారిన చీకటితోనే దిగి, జీపుకి డబ్బులిచ్చి, మా తాళం ముందు నిలబడి ఉంటుంది. నేనేమో వాళ్ళింటి అరుగు మీద వాళ్ళ కోడలు చేతి అంబలి తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టలేకపోయాను, తాగలేకపోయాను. సాయంత్రం దాకా ఉండి ఆవిణ్ణి చూసి వెళ్దామన్నాను. చీకటి పడితే దారి కష్టమని ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

సోమవారం పొద్దున్నే వెళ్ళి ఆవిడ కాగితం కోసం బీరువాలన్నీ వెతికాను. నాకు ముందు డిప్యుటేషన్ మీద వచ్చినవారి సొరుగులో రబ్బరుబ్యాండు వేసిన కట్ట ఒకటి దొరికింది. అందులో ఆవిడదే ఇంకో ఫారం ఉంది, పోయిన ఆగస్టుది. పేరు తేడాకి సర్పంచి రాసిచ్చిన కాగితం కూడా దానికే కుట్టి ఉంది. ఆవిడ ఇవ్వాల్సిందంతా ఆరు నెలల కిందటే ఇచ్చేసింది. తీసుకున్నవారు రిలీవ్ అయి వెళ్ళిపోయారు. ఎక్కడ పెట్టారో, ఎందాకా వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. నేను వారిని తప్పుపట్టడం లేదు. వారికీ ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ఆ కట్టలో ముప్పై ఒక్క ఫారాలున్నాయి.

మేనేజరుగారికి చూపించాను. పావుగంటలో ఆవిడ పని అయిపోయింది. బ్యాంక్ మిత్ర అమ్మాయి ద్వారా కబురు పంపాను, మళ్ళీ రానక్కర్లేదని. అయినా వచ్చింది, తనకి తాను చూసుకోవాలి కదా. పాస్‌బుక్కు ప్రింటు తీసి చేతికిచ్చి క్షమించమన్నాను, నాకు వచ్చిన ఒడియాలో. ఆవిడ నవ్వి, అంబలి బాగుందా అని అడిగిందట. ఆ అమ్మాయే నాకు తెలుగులో చెప్పింది.

ఆ తర్వాత మా బ్రాంచిలో కొన్ని మార్చుకున్నాం. కొండల మీద నుంచి వచ్చే జీపులు ఎప్పుడు దిగుతాయో, ఎప్పుడు తిరిగి వెళ్ళిపోతాయో మా అందరికంటే ఆ అమ్మాయికి తెలుసు. మధ్యాహ్నం జీపు తప్పితే ఆ రాత్రి ఏ చెట్టు కిందో పడుకోవాలి. అందుకని దూరం నుంచి వచ్చినవాళ్ళ పని ముందు చూసి, ఊళ్ళోవాళ్ళని కాస్త ఆగమన్నాం. గొడవవుతుందని భయపడ్డాం. ఒకరిద్దరు తప్ప ఊళ్ళోవాళ్ళెవరూ కాదనలేదు. ‘రేపు రండి’ అనడం మానేసి తేదీ, వారం కాగితం మీద రాసిచ్చాం, సెలవు రోజులకి సున్నా చుట్టిన కేలండరు తలుపుకి అంటించాం. ఇవేమీ పెద్ద పనులు కావు. ఆ కొండదారి ఎక్కకపోతే ఒక్కటీ నాకు తోచేది కాదు.

మిగతా సెలవుల్లో ఇంకా తిరిగాను. బుధవారం సెలవు పెట్టి మరీ చాటికోన సంతకి వెళ్ళాను. నియమగిరి మీది డోంగ్రియా కొంధులు పసుపు, అల్లం, పళ్ళు దించుకుని వస్తారు. ఆడవాళ్ళు కుట్టుకునే కప్డాగండా శాలువాకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దగ్గర్నుంచి చూస్తే ఆ కుట్టు ఎంత శ్రద్ధతో వేశారో తెలుస్తుంది. 2013లో పన్నెండు పల్లెల గ్రామసభల్లో తమ కొండ మీద బాక్సైటు తవ్వకం వద్దని చెప్పింది ఈ మనుషులే. అక్కడ కూడా కెమెరా పట్టుకుని మీద పడకండి. కొనండి, బేరం మరీ ఆడకండి.

చంద్రగిరి టిబెటన్ల కాలనీకి మా బాబు కోసం వెళ్ళాం. 1963 నుంచి వాళ్ళు అక్కడున్నారు. జిరంగలో పెద్ద బౌద్ధారామం ఉంది. వాడికి అక్కడి కుక్కలు నచ్చాయి. మహేంద్రగిరి మాత్రం ఎక్కలేకపోయాను. శివరాత్రికి జనం బాగా వెళ్తారు, ఆ వారం మాకు పనెక్కువ. 1501 మీటర్ల కొండ, దాని మీద భీముడి గుడి, కుంతి గుడి. మళ్ళీ వెళ్ళాలి.

ఇంటి దగ్గర చంటిపిల్లలో, మంచాన పడ్డ తల్లిదండ్రులో ఉన్నవాళ్ళకి నేనేమీ చెప్పను. మీరు వెళ్ళండి, వెళ్ళాలి కూడా. మిగతావాళ్ళని అడుగుతున్నాను. నెలలో ఒక్క వారాంతం చాలు. వీలైతే పిల్లల్నే ఇక్కడికి రప్పించుకోండి. మా వాడు ఇప్పటికీ వంశధార ఇసుకలో కట్టిన ఇల్లు ఉందా అని అడుగుతాడు.

మనల్ని పంపే పెద్దలకి కూడా ఒక విన్నపం. వెళ్ళేవారూ వచ్చేవారూ కనీసం రెండు రోజులు ఒకే సీటు దగ్గర కలిసి కూర్చునేలా ఆర్డరు ఇవ్వండి. ఒకరు శుక్రవారం రిలీవ్ అయి ఇంకొకరు సోమవారం చేరితే మధ్యలో పోయేది కొండ మీది మనుషుల ఆరు నెలలు. స్థానిక భాష వచ్చిన ఒక మనిషిని, మా బ్యాంక్ మిత్ర లాంటి అమ్మాయిని, కౌంటరు పక్కన కూర్చోబెట్టండి. ఆ అమ్మాయికి వచ్చే కమీషను ఆవిడ చేస్తున్న పనికి ఏ మాత్రం చాలదు. ఇది నేను పైకి కూడా రాసి ఇచ్చాను.

నా తర్వాత ఆ సీట్లోకి వచ్చిన మిత్రులకి: కౌంటరు కింద ఎడమ పక్క సొరుగులో నీలం అట్ట నోట్‌బుక్కు ఉంది. ఒక్కో పేజీకి ఒక్కో మనిషి. ఏ ఊరు, ఏ కాగితం ఇచ్చారు, పని ఎందాకా వచ్చింది అన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను. ఒడియాలో తప్పులుంటాయి, మా అప్ప దిద్దింది కొంతవరకే. ముప్పై ఒక్క ఫారాల్లో ఇరవై ఎనిమిది అయిపోయాయి. పదకొండో పేజీ, పంతొమ్మిదో పేజీ, చివరి పేజీ మిగిలాయి. పదకొండో పేజీ ఆవిడకి వేలిముద్ర పడదు, కనుపాపతో ప్రయత్నించాలి. ఆ ముగ్గురికీ ఈ నెల మూడో సోమవారం రమ్మని తేదీ రాసిచ్చాను. కేలండరు చూశాను, ఆ రోజు బ్యాంకు తెరిచే ఉంటుంది.